సింగింగ్ బౌల్‌తో ధ్యానం: మోగించడం, వినడం ఎలా?

సింగింగ్ బౌల్, అంటే కర్రతో మోగించే గిన్నె, చేతికి రాగానే చాలామంది కర్రను అంచు చుట్టూ గబగబా తిప్పేస్తారు. గిన్నె గరగరమని గోల చేస్తుంది, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. "మన చేతికి ఇది రాదులే" అనుకుని దాన్ని అలమరలో అలంకారంగా పెట్టేస్తారు. అక్కడ కావలసింది సంగీత జ్ఞానం కాదు, నిదానం. కర్ర నెమ్మదిగా కదలాలి, ఒత్తిడి ఒకే తీరుగా ఉండాలి, మోగించిన నాదం పూర్తిగా ఆగేదాకా చెవి దాన్ని విడిచిపెట్టకూడదు. మొదటి రెండూ కొద్దిరోజుల్లోనే పట్టుబడతాయి. మూడోదే ధ్యానం, దానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఎలాంటి గిన్నె తీసుకోవాలి

నేపాల్, హిమాలయ ప్రాంతాల నుంచి వచ్చే సంప్రదాయ గిన్నెలు కంచువి. అంటే రాగి, తగరం. పాత గిన్నెల లోహాన్ని పరీక్షించినప్పుడు ప్రధానంగా తేలేది ఈ రెండే. రాగి నాలుగింట మూడొంతులకు కాస్త పైన, మిగతాది దాదాపు అంతా తగరం. బంగారం, వెండి, పాదరసం వగైరా కలిపిన "ఏడు లోహాల గిన్నె" అన్నది అమ్మకం కోసం చెప్పే మాట. దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి.

కాల్చిన కంచు బిళ్లను సుత్తులతో సాగగొట్టి చేసిన గిన్నె, మిషన్ మీద తీసిన ఇత్తడి గిన్నె అని రెండు రకాలు దొరుకుతాయి. సుత్తిదెబ్బల గిన్నెలో గోడ మందం అన్ని వైపులా ఒకేలా ఉండదు. ఈ చిన్న తేడా వల్ల గిన్నె దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు స్వరాలను ఒకేసారి పలుకుతుంది. ఒకటి సెకనుకు 200 సార్లు, రెండోది 202 సార్లు కంపిస్తే, మనకు వినబడే నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్రంలో వీటిని విస్పందనాలు అంటారు. ధ్యానానికి ఈ అల ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే మనసు పట్టుకోవడానికి అదొక ఆధారం. అల మరీ వేగంగా, సెకనుకు ఐదారుసార్లు కొట్టుకునే గిన్నె మాత్రం కొంతమందికి చిరాకు తెప్పిస్తుంది. సెకనుకు ఒకటి రెండు అలలున్నది హాయిగా ఉంటుంది. మిషన్ గిన్నెలో ఈ అల తక్కువ, నాదం తిన్నగా సాగుతుంది. నేర్చుకోవడానికి అదీ పనికొస్తుంది.

మొదటి గిన్నెకు నోటి వెడల్పు 15 నుంచి 18 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాముల నుంచి కిలో మధ్య ఉంటే సరిపోతుంది. పది సెంటీమీటర్లలోపు గిన్నెలు ముద్దుగా ఉంటాయి గాని శ్రుతి ఎక్కువ, నాదం త్వరగా ఆగిపోతుంది, అంచు వెంట తిప్పితే కీచుమంటాయి. 22 సెంటీమీటర్లు దాటినవి గంభీరంగా పలుకుతాయి. అయితే వాటిని చేత్తో పట్టుకోవడం కష్టం, తిప్పితే పలికించడానికి బరువైన కర్ర కావాలి.

కొనేముందు ఇలా పరీక్షించండి. గిన్నెను చదునైన అరచేతిలో పెట్టి, మెత్తటి తల ఉన్న కర్రతో ఒక్క దెబ్బ కొట్టి గడియారం చూడండి. ఈ పరిమాణపు గిన్నె మోత నిశ్శబ్దమైన గదిలో 30 సెకన్లకు తగ్గకుండా వినబడాలి. మధ్యలో ఎక్కడైనా జిర్రుమనే ధ్వని వస్తే పగులు ఉందేమో చూడండి. అంచు మీద వేలి కొస నడిపితే గీత తగులుతుంది. గిన్నెను కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొట్టి వినండి. ఇక చివరి మాట మీ చెవిదే. ఫలానా స్వరం ఫలానా చక్రానికి అని చెప్పే పట్టికలు ఒకదానితో ఒకటి పొసగవు. పైగా గిన్నె పలికేది ఒక్క స్వరం కాదు. అడుగున ఉన్న ప్రాథమిక స్వరానికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్ల ఎత్తులో మరో బలమైన అతిస్వరం ఉంటుంది, ఆపైన ఇంకా కొన్ని. "ఇది ఫలానా స్వరం గిన్నె" అన్నప్పుడు వాటిలో దేన్ని లెక్కలోకి తీసుకున్నారో అమ్మేవాళ్లకే స్పష్టంగా ఉండదు.

కర్రలు రెండు చాలు. ఒకటి ఫెల్ట్ లేదా నూలు చుట్టిన మెత్తటి తల ఉన్నది, కొట్టడానికి. రెండోది ఒకవైపు తోలు చుట్టిన గుండ్రటి చెక్క కర్ర, అంచు వెంట తిప్పడానికి. తోలు వైపు తిప్పితే మంద్రమైన ప్రాథమిక స్వరం లేస్తుంది, ఉత్త చెక్క వైపు తిప్పితే పైనున్న అతిస్వరాలు లేస్తాయి. విశ్రాంతి కోసమైతే తోలు వైపే వాడండి. గిన్నె కింద పెట్టడానికి చిన్న మెత్తటి దిండో, గుడ్డ చుట్టిన కుదురో ఉండాలి. గట్టి బల్ల మీద నేరుగా పెడితే అడుగు దడదడలాడుతుంది, మోత సగంలో చచ్చిపోతుంది.

పట్టుకోవడం, కొట్టడం

ఎడమచేతి అరచేతిని చాపి, వేళ్లను బారుగా ఉంచి, గిన్నె అడుగును అరచేతి మధ్యలో పెట్టండి. వేళ్లు పైకి ముడుచుకుని గిన్నె గోడకు తగలకూడదు. కంపించేది గోడే, అందులోనూ పైభాగం. ఒక్క వేలు ఆనినా మోత ఠక్కున పడిపోతుంది. గిన్నె చిన్నదైతే అయిదు వేళ్ల కొసల మీద నిలబెట్టుకోండి. ఎడమచేతి వాటం వాళ్లు చేతులు మార్చుకోండి. పది నిమిషాలు దాటి కూర్చునేట్లయితే గిన్నెను ఒళ్లో దిండు మీదో, ముందున్న కుదురు మీదో పెట్టడం మేలు. చేయి లాగుతుంటే ధ్యానం భుజం నొప్పి మీదికి పోతుంది.

కొట్టవలసిన చోటు అంచు కాదు. అంచుకు రెండు వేళ్ల కింద, గోడ బయటివైపు. అంచు మీద కొడితే ఠంగుమనే పదునైన ధ్వని ముందుకొస్తుంది, కర్ర తల కూడా చిరుగుతుంది. మణికట్టు వదులుగా ఉంచి, కర్ర తలను గోడకు తాకించి వెంటనే వెనక్కి తీయండి. కర్ర అక్కడే ఆగిందంటే తాను లేపిన కంపనాన్ని తానే అణిచేస్తుంది. మొదటి దెబ్బ మీరు అవసరం అనుకున్నదానిలో సగం బలంతోనే కొట్టండి. చాలాసార్లు అదే సరైన బలం.

ఈ దశలో ఒక చిన్న సాధన ఉంది. గిన్నెను ఒకే ఒక్కసారి కొట్టి, కళ్లు మూసుకుని చివరిదాకా వినండి. మొదటి క్షణంలో దెబ్బ చప్పుడు, దానితోపాటు మెరుపులాంటి పై స్వరాలు వస్తాయి. అవి అన్నిటికంటే త్వరగా ఆరిపోతాయి. కాసేపటికి కింది స్వరం ఒక్కటే మిగిలి, అల స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత అల పల్చబడుతుంది. చివర్లో ఇంకా వింటున్నామా, విన్నది గుర్తు చేసుకుంటున్నామా అని తేల్చుకోలేని కొన్ని క్షణాలు వస్తాయి. ఆ క్షణాల్లో చెవి ఎంత మేలుకుని ఉంటుందో గమనించండి. గిన్నెతో చేసే ధ్యానమంతా ఆ మెలకువ మీదే ఆధారపడి ఉంది. అంచు వెంట తిప్పడం ఎప్పటికీ రాకపోయినా ఈ ఒక్క దెబ్బతోనే రోజూ సాధన చేయవచ్చు.

అంచు వెంట తిప్పడం

గిన్నె "పాడేది" వయొలిన్ తీగ పాడే పద్ధతిలోనే. కమాను తీగను పట్టుకుని జారినట్టే, కర్ర అంచును క్షణకాలం పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టు, జారు సెకనుకు వందలసార్లు జరుగుతూ గిన్నె నోటిని కోలగా సాగదీసి వదులుతాయి. ఒకసారి ఇటు కోల, ఒకసారి అటు కోల. కాబట్టి కావలసింది రాపిడి, వేగం కాదు. దీన్ని మనసులో ఉంచుకుంటే కింది మెట్లన్నీ అర్థమవుతాయి.

1. ముందు తోలు వైపుతోనే గోడను మెల్లగా ఒకసారి తట్టండి. గిన్నె మోగడం మొదలవుతుంది. మోగుతున్న గిన్నెను కొనసాగించడం, మౌనంగా ఉన్నదాన్ని లేపడం కంటే చాలా తేలిక.

2. కర్రను నడిమికి కాస్త కిందుగా, పెన్ను పట్టినట్టు కాకుండా పిడికిలి సడలించి పట్టుకోండి. కర్ర దాదాపు నిలువుగా ఉండాలి, పైకొస గిన్నె బయటివైపుకు కొద్దిగా వాలాలి. తోలు భాగం అంచు బయటి మూలకు పూర్తిగా ఆనాలి.

3. కర్రను గిన్నె మధ్యవైపుకు నొక్కి పట్టి తిప్పడం మొదలుపెట్టండి. కదలాల్సింది మణికట్టు కాదు, మోచేయి, భుజం. పెద్ద గుండిగలో గరిటె తిప్పేటప్పుడు చేయంతా ఎలా తిరుగుతుందో అలా. మణికట్టుతో తిప్పితే ప్రతి చుట్టులోనూ కర్ర వాలు మారుతుంది, ఒకవైపు ఒత్తిడి పోతుంది.

4. ఒక చుట్టుకు మూడు సెకన్లు పట్టనివ్వండి. మొదటి మూడు నాలుగు చుట్లలో ఏమీ వినబడకపోవచ్చు. ఇక్కడే అందరూ వేగం పెంచుతారు. పెంచకండి. అరచేతిలో సన్నని కంపనం ముందు తెలుస్తుంది, నాదం దాని వెనకే వస్తుంది.

5. నాదం లేచాక వేగం ఇంకాస్త తగ్గించండి, ఒత్తిడి మాత్రం తగ్గించకండి. కంపనం పెరిగేకొద్దీ అంచు కర్రను బయటికి తోస్తుంది. దానికి తగ్గట్టు చేయి గట్టిగా ఆనుకుని ఉండాలి.

6. ఆపాలనుకున్నప్పుడు కర్రను చటుక్కున, శుభ్రంగా అంచు నుంచి దూరంగా తీసేయండి. వేగం తగ్గిస్తూ ఆపితే చివర్లో గరగర వస్తుంది. తీసేశాక మిగిలిన నాదాన్ని ఆరిపోయేదాకా వినండి.

గరగర, అంటే కర్ర అంచు మీద ఎగిరెగిరి పడే చప్పుడు, అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. నాదం బాగా పెద్దదయ్యాక అంచు అటూ ఇటూ ఊగే దూరం పెరుగుతుంది. అప్పుడు కర్ర అంచును అంటిపెట్టుకోలేక ఎగురుతుంది. వెంటనే వేగం సగానికి తగ్గించి, కర్రను లోపలికి ఇంకొంచెం నొక్కండి. తగ్గకపోతే కర్ర తీసేసి, మోత కాస్త దిగాక మళ్లీ ఆనించండి. గిన్నెను అంత పెద్దగా పాడించాల్సిన అవసరం కూడా లేదు. గరగర మొదలయ్యే దశకు ముందే ఆగి, అక్కడే నాదాన్ని నిలకడగా ఉంచడం అసలైన నేర్పు.

ఎంత తిప్పినా నాదం లేవకపోతే మూడు చూడండి: వేళ్లు గోడకు తగులుతున్నాయా, కర్ర గిన్నెకు మరీ తేలికగా ఉందా, కర్ర మీద నూనె, చెమట చేరి నున్నగా జారుతోందా. ఉత్త చెక్క కర్ర నున్నబడితే సన్నని గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే పట్టు తిరిగి వస్తుంది. తోలుకు జిడ్డు పడితే పొడి గుడ్డతో తుడవండి. కీచుమనే శబ్దం వస్తుంటే కర్ర బాగా వాలిపోయి చెక్క భాగం అంచుకు తగులుతోందన్నమాట. కర్రను నిలువు చేయండి, తోలు వైపు ఆనించండి.

ఇరవై నిమిషాల ధ్యానం

ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఫ్యాన్ చప్పుడు వీలైతే ఆపేయండి, ఎందుకంటే గిన్నె నాదపు చివరి భాగాన్ని ముందుగా మింగేసేది అదే. కుర్చీలోనో నేల మీదో వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా కూర్చోండి. గిన్నె ముందున్న కుదురు మీద, చెవులకు కనీసం మూరెడు దూరంలో ఉండాలి.

మొదటి రెండు నిమిషాలు గిన్నెను ముట్టుకోకండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదిలే శ్వాస పొడవుగా ఉండటం ముఖ్యం, అంకెలు కాదు. ఇబ్బందిగా ఉంటే మూడు, ఐదు చేసుకోండి.

తర్వాత శ్వాస వదలడం మొదలుపెట్టినప్పుడు ఒక దెబ్బ కొట్టండి. నాదం పూర్తిగా ఆగాక రెండు మూడు శ్వాసలు నిశ్శబ్దంలో ఉండి, మళ్లీ ఒకటి. ఇలా ఏడెనిమిది నిమిషాలు. దెబ్బలు లెక్కపెట్టకండి, వాటి మధ్య ఎడం తగ్గకుండా చూసుకుంటే చాలు. మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడు ఆ ఆలోచనతో తగవు పెట్టుకోకుండా, నాదం ఇప్పుడు ఎక్కడుందో చూడండి. గది చివర ఉందా, దగ్గరగా ఉందా, అల ఎంత వేగంగా ఉంది, ఇంకా వినబడుతోందా. నాదం ఆగిపోయి ఉంటే ఆ నిశ్శబ్దాన్నే వినండి. తర్వాతి దెబ్బ ఆలోచన వచ్చినప్పుడల్లా కొట్టేది కాదు, దాని వంతు వచ్చినప్పుడు కొట్టేది. ఇది గుర్తుంచుకోకపోతే ఐదో నిమిషానికల్లా వాయిద్యం వాయిస్తున్నట్టవుతుంది.

ఆపైన నాలుగైదు నిమిషాలు అంచు వెంట తిప్పండి. తిప్పడం ఇంకా నిలకడగా రానివాళ్లు ఈ భాగం వదిలేసి దెబ్బలతోనే కొనసాగండి. గరగర వస్తుందేమోనన్న బెంగ విశ్రాంతిని చెడగొడుతుంది. చివరి ఐదు నిమిషాలు గిన్నెను పక్కన పెట్టి ఊరికే కూర్చోండి. ఇది తగ్గించకండి. చాలామంది దీన్నే కోసేసి లేచిపోతారు, కాని గిన్నె తీసుకొచ్చిన నెమ్మది ఒంట్లో కుదురుకునేది ఇక్కడే. తర్వాత కళ్లు తెరిచి, చేతులు కదిపి, తొందర లేకుండా లేవండి.

నిద్రకు ముందు చేసేవాళ్లు తిప్పడం మానేసి మెత్తటి కర్రతో చిన్న దెబ్బలే కొట్టండి, ఒక్కోదాని మధ్య నిమిషం ఎడం ఇవ్వండి. పది నిమిషాలు చాలు.

పడుకున్నవారికి మోగించేటప్పుడు

వేరొకరి కోసం మోగిస్తుంటే వారిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద దిండు పెట్టండి. గిన్నె పాదాల వైపు, నేల మీద కుదురుపై ఉంచి మొదలుపెట్టండి. తల దగ్గర మోగిస్తే రెండు మూరల దూరం ఉండాలి, దెబ్బ బలం సగానికి తగ్గాలి. మోగించేవారికి మామూలుగా అనిపించిన మోత కళ్లు మూసుకున్నవారికి ఉలిక్కిపాటు కలిగిస్తుంది. ముందే చెప్పి, ఒక దెబ్బ రుచి చూపించి, ఎక్కువైతే చేయి ఎత్తమని అడగండి.

గిన్నెను ఒంటిమీద పెట్టే పద్ధతీ ఉంది. చదునైన అడుగున్న గిన్నెను దుస్తుల మీదుగా పొట్ట మీదో, బోర్లా పడుకుంటే నడుము పైభాగాన వీపు మీదో పెట్టి మెల్లగా కొడతారు. కంపనం ఒంట్లోకి స్పష్టంగా పాకుతుంది. తల, మెడ, నేరుగా వెన్నెముక ఎముకల మీద, గాయం ఉన్నచోట పెట్టకండి. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవారు, మూర్ఛ ఉన్నవారు వైద్యుణ్ని అడిగే దాకా ఒంటిమీద పెట్టుకోవద్దు. చెవుల్లో హోరు, శబ్దాలు భరించలేకపోవడం, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారు దూరం నుంచి ఒక్క చిన్న దెబ్బతో మొదలుపెట్టి, ఇబ్బంది అనిపిస్తే మానేయాలి. నిశ్శబ్దంగా కళ్లు మూసుకుంటే ఆందోళన పెరిగేవాళ్లూ ఉంటారు. వాళ్లు కళ్లు తెరిచి, గిన్నె అంచును చూస్తూ చేయవచ్చు.

ఏం ఆశించవచ్చు? జపాన్ బౌద్ధాలయాల్లో మంత్రపఠనం మధ్య ఇలాంటి కంచు గిన్నెలు కొట్టడం పాత సంప్రదాయమే. విశ్రాంతి కోసం గిన్నెలను గంటసేపు మోగించే ఇప్పటి పద్ధతి మాత్రం 1970ల తర్వాత పాశ్చాత్య దేశాల్లో వ్యాపించింది. దీని మీద తరచూ చెప్పే అధ్యయనం 2017లో అచ్చయింది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 62 మందిని గిన్నెల ధ్యానానికి ముందూ తర్వాతా ప్రశ్నించారు. ఒత్తిడి, కోపం, అలసట, దిగులు తగ్గినట్టు వాళ్లు చెప్పారు. అయితే పోల్చడానికి గిన్నెలు లేకుండా ఊరికే పడుకున్న మరో బృందం అందులో లేదు. కాబట్టి హాయి కలుగుతుందని నమ్మకంగా చెప్పవచ్చు గాని, గిన్నె రోగాలు నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, వాడుతున్న మందులు ఆపకండి.

స్ఫటిక గిన్నెలు, నీళ్లు, శుభ్రం

తెల్లగా పాలరంగులో ఉండే స్ఫటిక గిన్నెలు సిలికాను బాగా వేడిచేసి చేసినవి. వాటి నాదం కంచుకంటే పెద్దది, తిన్ననిది, చాలాసేపు నిలుస్తుంది. చిన్న గదిలో చెవులకు భారం అవుతుంది, అందుకే కొత్తవాళ్లకు మొదటి గిన్నెగా సలహా ఇవ్వం. తిప్పడానికి సిలికోన్ లేదా స్వెడ్ (మెత్తటి తోలు) చుట్టిన కర్రే వాడాలి, కింద రబ్బరు వలయం వేయాలి. రెండు స్ఫటిక గిన్నెల మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి. మోగుతున్న గిన్నె పక్కదాన్ని తాకితే రెండూ పగిలిపోవచ్చు. నాదాన్ని పెంచుకుంటూ పోవడం కూడా ప్రమాదమే. ధ్వని లేచిన వెంటనే వేగం తగ్గించాలి.

కంచు గిన్నెలో మూడోవంతు నీళ్లు పోసి తిప్పితే అంచు దగ్గర సన్నని అలలు లేచి చుక్కలు ఎగురుతాయి, శ్రుతి కిందికి దిగుతుంది. పిల్లలకు కంపనం అంటే ఏమిటో చూపించడానికి చాలా బాగుంటుంది. ధ్యానానికి పనికిరాదు, దృష్టి నీళ్ల మీదికి పోతుంది. అయిపోగానే నీళ్లు పారబోసి గిన్నెను పూర్తిగా ఆరనివ్వండి.

రోజువారీ శుభ్రానికి పొడి మెత్తని గుడ్డ చాలు. వేలిముద్రలు నల్లబడితే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి తుడిచి వెంటనే ఆరబెట్టండి. పులుపు పెట్టి తోమితే పైన కట్టిన సహజమైన రంగు పోతుంది, చెక్కిన గీతలు అరుగుతాయి. తగరం ఎక్కువున్న కంచు పెళుసుగా ఉంటుంది, గట్టి నేల మీద పడితే సొట్ట పడదు, నెరియ బారుతుంది. అందుకే గిన్నెను అల్మారా అంచున కాకుండా లోపలికి, ఒకదానిలో ఒకటి పెట్టాల్సి వస్తే మధ్యన గుడ్డ వేసి ఉంచండి. కింద పడిన గిన్నెను మళ్లీ వాడేముందు నాలుగు వైపులా మెల్లగా తట్టి వినండి. మోత మునుపటికంటే పొట్టిగా, బొంగురుగా ఉంటే పగులు ఉన్నట్టే. అలాంటిదాన్ని తిప్పకండి, పగులు ఇంకా పాకుతుంది.